క్రిమియాని పసుపు కుంకుమ కింద ఇచ్చేశారా? దేశం లోపలి గీత మార్చాలంటే ఎవరినడగాలి?

రావులపాలెం_రోడ్డు

నమస్కారమండి. నిన్న సాయంత్రం అరటి గెలల మార్కెట్ పక్కన టీ కొట్టు దగ్గర మా మావయ్యతో మొదలైన వాదన ఇంటికొచ్చి భోజనాల దాకా సాగింది, అయినా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మావయ్య మాట ఏంటంటే, 1954లో సోవియట్ పార్టీ నాయకుడు క్రుశ్చేవ్ క్రిమియా ద్వీపకల్పాన్ని ఉక్రెయిన్‌కి పసుపు కుంకుమ కింద రాసిచ్చేశాడు, రష్యా వాళ్లని ఎవరూ అడగలేదు, ఇప్పుడు జరుగుతున్న యుద్ధమంతా ఆ ఒక్క సంతకం తెచ్చిన తంటాయే అని. నేనేమన్నానంటే, సోవియట్ యూనియన్‌లో రిపబ్లిక్కులు మన రాష్ట్రాల్లాంటివి కావు, కావాలంటే విడిపోయే హక్కు కూడా రాజ్యాంగంలో రాసుంది, అలాంటి వాటి మధ్య సరిహద్దు ఒక్కడు మార్చేస్తానంటే ఎలా కుదురుతుంది అని. ఆయన కంచంలో చెయ్యి పెట్టుకునే, "మరి 2014లో మనల్ని ఎవడడిగాడ్రా? అసెంబ్లీ వద్దంది, అయినా చీల్చారు. ఎక్కడైనా ఇంతే" అన్నాడు. అత్తయ్య నవ్వింది. నాకు సమాధానం తోచలేదు.

కాబట్టి అడుగుతున్నా. అక్కడ రిపబ్లిక్కుల మధ్య గీత మార్చాలంటే రూలు ఏంటి, నిజంగా జరిగిందేంటి? మనకన్నా వాళ్లకి ఎక్కువ హక్కులుండేవా, తక్కువా? తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి, మావయ్యకి ఫోన్‌లో చూపించాలి.

కొత్తపేట_పాత_మాస్టారు

బాబూ, మీ మావయ్య సగం కరెక్టు, నువ్వూ సగం కరెక్టు. ఇద్దరూ కలిసి పరీక్ష రాసుంటే పాసయ్యేవారు.

ముందు నీ వైపు నుంచి. స్టాలిన్ కాలంలో వచ్చిన 1936 రాజ్యాంగం 18వ అధికరణంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: యూనియన్ రిపబ్లిక్ భూభాగాన్ని ఆ రిపబ్లిక్ ఒప్పుకోకుండా మార్చకూడదు. 1977లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు అదే మాట 78వ అధికరణంలోకి వచ్చింది, రెండు రిపబ్లిక్కులూ ఒప్పుకుంటే కేంద్రం ఆమోదంతో సరిహద్దు మార్చుకోవచ్చని కూడా చేర్చారు. విడిపోయే హక్కు 72వ అధికరణం. కాగితం వరకే చూస్తే మన రాష్ట్రాలకి కలలో కూడా లేని హక్కులివి.

క్రిమియా విషయంలో ఆ కాగితాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పద్ధతిగానే నింపారు. 1954 జనవరి 25న పార్టీ ప్రెసీడియంలో (పై కమిటీలో) విషయం తేలిపోయింది. ఫిబ్రవరి 5న రష్యా రిపబ్లిక్ చట్టసభ ప్రెసీడియం ఇస్తామంది, 13న ఉక్రెయిన్ ప్రెసీడియం తీసుకుంటామంది, 19న మాస్కోలో యూనియన్ ప్రెసీడియం డిక్రీ ఇచ్చింది. దాని మీద సంతకం ఆ ప్రెసీడియం అధ్యక్షుడు వొరొషీలోవ్‌ది, క్రుశ్చేవ్‌ది కాదు, ఈ ముక్క మావయ్యకి గట్టిగా చెప్పు. ఏప్రిల్ 26న సుప్రీం సోవియట్ (వాళ్ల పార్లమెంటు) చట్టం చేసి రాజ్యాంగంలో ప్రాంతాల జాబితా సవరించింది. కారణాలేం రాశారంటే ఆర్థిక వ్యవస్థ ఒకటే, భూమి పక్కపక్కనే ఉంది, రాకపోకలూ సంబంధాలూ ఎక్కువ. 1654లో ఉక్రెయిన్ కొసాక్కు యోధులు రష్యా జారుకి (చక్రవర్తికి) విధేయత ప్రకటించిన పెరెయాస్లావ్ ఒప్పందానికి మూడొందల ఏళ్లు నిండిన సందర్భం కూడా కలిసొచ్చింది.

ఇక మావయ్య సగం. జనవరి 25నే అంతా తేలిపోయాక మిగతా తారీకులన్నీ పెళ్లి ఖాయమయ్యాక జాతకాలు చూపించుకోవడం లాంటివే. పార్టీ అనుకున్నాక వద్దనే ప్రెసీడియం ఆ దేశంలో పుట్టలేదు. క్రిమియాలో ఉన్న జనాన్నైతే అసలే అడగలేదు. పదేళ్ల ముందు, 1944 మే నెలలో, క్రిమియా మూలవాసులైన తాతార్లను మొత్తంగా రైళ్లెక్కించి మధ్య ఆసియాకి తోలేశారు, మరుసటేడు వాళ్ల స్వయంప్రతిపత్తి రిపబ్లిక్‌ని తీసేసి మామూలు జిల్లా లాగా చేసేశారు. అడగడానికి మిగిలిందెవరు అన్నది ఇంకో ప్రశ్న.

మనం డెల్టా వాళ్లం కాబట్టి ఒక విషయం మనకి వేరేవాళ్లకన్నా తొందరగా ఎక్కుతుంది: నీళ్లు. క్రిమియా ఉత్తరం వైపంతా మెట్ట. దానికి నీళ్లు రావాలంటే ఉక్రెయిన్‌లోని ద్నీపర్ నది మీద కఖోవ్కా రిజర్వాయర్ నుంచే రావాల్సి ఉండేది, 2023లో ఆ డ్యాం కూలేదాకా. ఆ తర్వాత కాలువ తవ్వారు, 1963కి నీళ్లు క్రిమియాలోకి వచ్చాయి, వరి కూడా వేశారు. ధవళేశ్వరం లేని కోనసీమని ఊహించుకో, అంతే. తల ఒక రిపబ్లిక్‌లో, తోక ఇంకో రిపబ్లిక్‌లో ఉంటే లాకుల దగ్గర ఎంత గొడవో కాలువ కింద రైతుకి చెప్పక్కర్లేదు. 2014లో రష్యా క్రిమియాని పట్టుకోగానే ఉక్రెయిన్ చేసిన మొదటి పనుల్లో ఆ కాలువ కట్టెయ్యడం ఒకటి. అంచేత 1954 మార్పు వెనక నీళ్ల లెక్కా ఉందనే నేననుకుంటాను, ఉత్త పసుపు కుంకుమ మాత్రం కాదు.

ఇంక మన సంగతి. మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు మెజారిటీతో రాష్ట్రాన్ని చీల్చొచ్చు, కలపొచ్చు, పేరు మార్చొచ్చు. రాష్ట్రపతి ఆ బిల్లుని అసెంబ్లీకి అభిప్రాయం కోసం పంపాలి, అంతవరకే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడక్కర్లేదు. మధ్యలో బిల్లు మారినా మళ్లీ పంపక్కర్లేదని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీం కోర్టు చెప్పేసింది, అది బొంబాయి రాష్ట్రం గొడవ. 2014 జనవరి 30న మన అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లు తిప్పికొట్టింది, ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో పాసైపోయింది. అంతా రూలు ప్రకారమే జరిగింది, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. తమాషా ఏంటంటే ఇదే పార్లమెంటు ఒక్క ఊరు పరాయి దేశానికి ఇవ్వాలంటే మాత్రం రాజ్యాంగ సవరణ చెయ్యాలి, బేరుబారి (తూర్పు పాకిస్తాన్‌కి ఇవ్వాలనుకున్న బెంగాల్ ఊరు) విషయంలో 1960లో తేలిన సంగతది.

మన దగ్గర ఒప్పుకుని మార్చుకున్నవి లేకపోలేదు. మద్రాసుకీ మనకీ మధ్య మధ్యవర్తిగా హెచ్.వి. పటాస్కర్ గారు ఊరూరూ లెక్కేసి చెప్పిన తీర్పు మీద 1959లో చట్టం వచ్చింది, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు వైపు ఊళ్లు ఇటొచ్చాయి. ఊరిని యూనిట్‌గా తీసుకోవడం, ఏ భాషవాళ్లెక్కువ, ఊళ్లు ఆనుకుని ఉన్నాయా అని చూడటం. ముందు ఆందోళనలు జరిగినా చివరికి ఒప్పుకునే తేల్చుకున్నారు.

తాపేశ్వరం_కాజా

మాస్టారూ, ఒప్పుకోకుండా మార్చకూడదు అని రాశారు సరే, ఒకళ్లు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో రాశారా? ఒప్పుకోననే హక్కు నిజంగా వాడుకున్నవాడు ఎవడైనా ఉంటే చూపించండి, అప్పుడు నమ్ముతా.

అమలాపురం_ఇన్_హైదరాబాద్

కాజా గారూ, ఉన్నారు, అక్కడే కొంప మునిగింది. కరాబాఖ్, ఆర్మేనియా, అజర్‌బైజాన్ అనే రెండు సోవియట్ రిపబ్లిక్కులు కొట్టుకున్న కొండప్రాంతం.

1921 జులైలో బోల్షివిక్కుల (రష్యా కమ్యూనిస్టుల) కాకసస్ బ్యూరో ఒకరోజు కరాబాఖ్ ఆర్మేనియాకి అంది, మర్నాడే మాట మార్చి అజర్‌బైజాన్‌లోనే ఉండనీ అంది. 1923లో దాన్ని అజర్‌బైజాన్ లోపల స్వయంప్రతిపత్తి ప్రాంతంగా చేశారు, జనంలో ఎక్కువమంది ఆర్మేనియన్లు. అరవై ఐదేళ్లు ఎలాగో గడిచాయి. 1988 ఫిబ్రవరి 20న ఆ ప్రాంతం సోవియట్ (స్థానిక సభ) ఓటేసి మమ్మల్ని ఆర్మేనియాకి మార్చండి అని అధికారికంగా అడిగింది. కాస్త స్వేచ్ఛ ఇచ్చిన గోర్బచేవ్ కాలం కదా, జనం కాగితాన్ని నిజంగా చదవడం మొదలెట్టారు. ఆర్మేనియా తీసుకుంటానంది, అజర్‌బైజాన్ ఇవ్వనంది. ఇవ్వనంటే ఇంక 78వ అధికరణం దగ్గర బండి ఆగిపోయినట్టే, జులై 18న మాస్కో ప్రెసీడియం కూడా ఆ అధికరణాన్నే చూపించి కుదరదంది.

చూడండి, పార్టీ గట్టిగా ఉన్నంతకాలం ఆ రూలుకి విలువ లేదు, పార్టీ బలహీనపడగానే అదే రూలు గోడలా నిలబడింది. అడిగినవాళ్లకి వేరే దారి కనపడలేదు, కోర్టు లేదు, కమిషన్ లేదు, వీధుల్లో పడ్డారు. ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే, 90ల్లో యుద్ధం, 2020లో ఇంకోటి, 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ మొత్తం తీసేసుకుంది, లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కార్లలో ట్రాక్టర్లలో సామాను వేసుకుని వెళ్లిపోయారు.

మాస్టారి మాటకి ఒక చిన్న సవరణ. 3వ అధికరణం అన్యాయంగా కనపడుతుంది, నిజమే, 2014లో నేనూ తిట్టుకున్నా. కానీ గీత కదిలే దారి ఒకటుంది అక్కడ. బాధలు పడతాం, బస్సుల మీద రాళ్లు పడతాయి, కోర్టుకెళ్తాం, మళ్లీ ఎన్నికలొస్తాయి. సైన్యాలు మాత్రం రాలేదు.

కూనవరం_నుంచి

సైన్యాలు రాలేదు కానీ మా ఊరొచ్చి చూడండి సార్.

మా తాతగారి పాత దస్తావేజుల పెట్టె తీస్తే చాలు, మీ అధికరణాలన్నీ అందులోనే ఉంటాయి. మా భద్రాచలం వైపంతా 1860 దాకా నిజాంది, తర్వాత ఇంగ్లీషు వాళ్ల సెంట్రల్ ప్రావిన్సులోకి వెళ్లింది, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిపారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో పెట్టారు, అప్పుడది ఒకే రాష్ట్రం లోపల పాలనా సౌకర్యం కోసం మార్పు, ఎవరికీ పట్టలేదు. 2014లో రాష్ట్రం చీలేసరికి ఆ సౌకర్యం గీతే రాష్ట్ర సరిహద్దయి కూర్చుంది. పోలవరం ముంపు ఊళ్లు తెలంగాణలో ఉంటే డ్యాం కట్టడం కష్టమని మే నెలాఖరులో, తెలంగాణ ఇంకా పుట్టకముందే ఆర్డినెన్సు ఇచ్చి, జులైలో చట్టం చేసి మా మండలాల్ని ఇటు లాగేశారు. మళ్లీ తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. నేను కదల్లేదు సార్, ఇంటి ముందు వేపచెట్టు కూడా కదల్లేదు, ఆధార్‌లో అడ్రసు మాత్రం మూడుసార్లు మారింది.

మా చెల్లి పదో తరగతి సర్టిఫికెట్ ఖమ్మం జిల్లాది, ఇంటర్ తూర్పు గోదావరిది. ఒక ఆఫీసులో లోకల్ కాదన్నారు, ఇంకో ఆఫీసుకెళ్తే మీరు అటు వాళ్లే కదా అన్నారు. ఆ కాగితాల కవరు పట్టుకుని రాజమండ్రి బస్టాండులో కూర్చుని అమ్మాయి ఏడ్చింది, నేను పక్కనే ఉన్నా, పెసరట్టు కొనిస్తే తినలేదు.

భద్రాచలం గుడి తెలంగాణలో, దాని చుట్టూ యటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు అయిదు ఊళ్లు ఆంధ్రాలో. ఊరి చెత్త పొయ్యడానికి కూడా పక్క రాష్ట్రంలో చోటు వెతుక్కోవాలి. ఆ అయిదూ ఇచ్చెయ్యమని అటువైపు అడుగుతూనే ఉన్నారు. ఎక్కడో తర్వాత ముక్కలైపోయిన యుగోస్లావియా దేశంలో గీతల గురించి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం అనిపించనిది అందుకే.

లంక_రైతు_పి.గన్నవరం

యుగోస్లావియా పేరెత్తారు కాబట్టి నేనూ ఒక మాట చెప్పాలి, మీరనుకునేదానికన్నా అది మనకి దగ్గర.

కూనవరం గారు 1959 అన్నారు చూడండి, సరిగ్గా అదే ఏడు సెర్బియాలో లెపొసావిచ్ ప్రాంతాన్ని తీసి కొసోవోలో కలిపారు. రెండూ సెర్బియాలోవే, లోపలి సర్దుబాటు, ఎవడూ నిద్ర చెడగొట్టుకోలేదు. ఇవాళ కొసోవో ఉత్తరాన సెర్బులు ఎక్కువగా ఉండి ఎప్పుడూ టెన్షన్‌గా ఉండే చోట్లలో అదొకటి. 1974 యుగోస్లావ్ రాజ్యాంగంలోనూ 5వ అధికరణం సోవియట్ వాళ్ల మాటే చెప్తుంది, రిపబ్లిక్ ఒప్పుకోకుండా దాని గీత మార్చకూడదని. 1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా విడిపోయాక రొబేర్ బదాంతేర్ అనే ఫ్రెంచి న్యాయకోవిదుడి కమిషన్, 1992 జనవరిలో, ఆ లోపలి గీతలే ఇకనుంచి దేశాల సరిహద్దులు, బలవంతంగా మార్చడానికి లేదు అని అభిప్రాయం ఇచ్చింది. సోవియట్ రిపబ్లిక్కులు కూడా 1991 డిసెంబరులో అల్మా-అటాలో ఉన్న గీతల్నే గౌరవిస్తామని రాసుకున్నాయి. పాలనా సౌకర్యానికి గీసిన గీత ఒక్క రాత్రిలో పాస్‌పోర్టు గీత.

నాకు నచ్చిన ముక్క ఇది కాదు, డాన్యూబ్ నది. మా నాన్నగారికి వైనతేయ పాయలో లంక భూమి ఉండేది, ఏక్‌సాల్ (ఏడాది) లీజు. 1986 వరదకి సగం కోతకి పోయింది. రెండేళ్లకి అవతలి ఒడ్డున కొత్తగా మేట వేసింది, అటు ఊరివాళ్లు పొద్దున్నే వచ్చి కొబ్బరి మట్టలు పాతేసి దోస పాదులు పెట్టేశారు. మా నాన్న ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు పట్టుకుని ఆ సర్వే నంబరు మాదే అంటాడు, వాళ్లు ఏరు ఎక్కడుంటే హద్దు అక్కడే అంటారు. సర్వేయరు గొలుసు లాగాడు, ఏటి మధ్యలోకి వెళ్లి గొలుసు ఆగిపోయింది, రాయి పాతడానికి నేల లేదు. నేను ఒడ్డున చెప్పులు పట్టుకుని నిలబడ్డా, నాకు పదేళ్లు.

డాన్యూబ్ మీద క్రొయేషియాకీ సెర్బియాకీ అచ్చం ఇదే తగువు. 1945లో యుగోస్లావియా వేసిన జిలాస్ కమిషన్ ఆ రెండింటి మధ్య ఒక గీత సూచించింది, దేశం ఒకటే కాబట్టి నది దగ్గర సూక్ష్మంగా ఎవరూ తేల్చలేదు. అంతకుముందు 19వ శతాబ్దంలోనే నది వంకరలు కోసి తిన్నగా చేశారు. ఇప్పుడు క్రొయేషియా పాత భూమి రికార్డులే హద్దంటుంది, అంటే మా నాన్న. సెర్బియా నది నడుమే హద్దంటుంది, అంటే అవతలి ఊరివాళ్లు. రికార్డుల లెక్కన సెర్బియా ఒడ్డున పడ్డ భూమి చాలా ఎక్కువ, క్రొయేషియా ఒడ్డున పడింది తక్కువ. ఆ తక్కువలో గోర్న్యా సిగా అని ఏడు చదరపు కిలోమీటర్ల అడవి ఉంది, అది నాదే అని క్రొయేషియా అంటే నది రూలు ఒప్పుకున్నట్టు అవుతుంది, అప్పుడు అవతల ఉన్న పెద్ద భూమి పోతుంది, అందుకని అనదు. సెర్బియా కూడా అనదు. ఇద్దరూ వద్దన్న ఆ నేల మీద 2015లో ఒక చెక్ దేశస్థుడు జెండా పాతి లిబర్‌ల్యాండ్ అని దేశం ప్రకటించుకున్నాడు. మన లంకల్లో అయితే పొద్దుటికల్లా దోస పాదులు పెట్టేసేవారు.

తాపేశ్వరం_కాజా

ఒప్పుకున్నానండీ బాబూ, మీ దోసకాయలకి దణ్ణం.

ఎదుర్లంక_అవతల

ఇంతమంది ఇన్ని దేశాలు తిరిగారు, వంతెన దాటి యానాం ఒక్కరూ రాలేదు, ఆయ్!

మా దగ్గర గీత చూడాలంటే బండి పెట్రోలు ట్యాంకు చూడాలి. ఎదుర్లంక, తాళ్లరేవు వైపు వాళ్లంతా ట్యాంకు నింపుకోవడానికి మా బంకులకే వస్తారు, మిగతావి దేనికొస్తారో అందరికీ తెలుసు. భాష ఒకటే, చేప ఒకటే, పులస రేటు కూడా ఒకటే. మా ఎమ్మెల్యే మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో కూర్చుంటాడు. 1954 జూన్‌లో ఫ్రెంచి వాళ్ల పాలన పోయింది, చట్టప్రకారం 1962 ఆగస్టు 16న ఇండియాలో కలిశాం.

రావులపాలెం తమ్ముడూ, నీ ప్రశ్నకి మా ఊళ్లో ఒక జవాబుంది. 1956లో ఫ్రాన్సుకీ ఇండియాకీ జరిగిన అప్పగింత ఒప్పందం రెండో అధికరణంలో, ఈ ప్రాంతాల ప్రత్యేక పాలనా స్థితిలో రాజ్యాంగపరమైన మార్పు చెయ్యాలంటే అక్కడి జనం అభిప్రాయం తెలుసుకున్నాకే చెయ్యాలని రాశారు. అసెంబ్లీది కాదు, ప్రెసీడియందీ కాదు, జనానిది. మొత్తం డెల్టాలో నాకు తెలిసి ఇలా రాసిపెట్టున్న నేల మా ముప్ఫై చదరపు కిలోమీటర్లే. అది కూడా మేం అడిగి రాయించుకున్నది కాదు, వెళ్లిపోయేవాడు రాయించి వెళ్లింది. మమ్మల్ని ఆంధ్రాలో కలపాలా అని ఎవరైనా ఓటు పెడితే మావాళ్లు ఏమంటారో నన్నడక్కు, పెట్రోలు రేటు చూసి చెప్తారు.

కొత్తపేట_పాత_మాస్టారు

యానాం గారు చెప్పింది బావుంది, నేను మర్చిపోయాను. ఇంకొక్కటి కలిపి ఊరుకుంటాను. 1992 మే నెలలో రష్యా సుప్రీం సోవియట్, 1954 నిర్ణయం చెల్లదని తీర్మానం చేసింది. అయిదేళ్లకి, 1997 మే 31న, అదే రష్యా ఉక్రెయిన్‌తో స్నేహ ఒప్పందం మీద సంతకం పెట్టి ఉన్న సరిహద్దుల్ని గౌరవిస్తామంది. కాబట్టి "ఆ ఒక్క సంతకం వల్లే" అనడం కుదరదు, దాని తర్వాత చాలా సంతకాలున్నాయి. మధ్య ఆసియాలో కిర్గిజ్, తాజిక్ వాళ్లు కూడా సోవియట్ కాలం గీత మీద, ఒక నీళ్ల తూము దగ్గర 2021లో కాల్చుకున్నారు, 2022లో మళ్లీ. 2025 మార్చి 13న కూర్చుని మొత్తం సరిహద్దు ఒప్పందం చేసుకున్నారు. కొంత నేల అటూ ఇటూ ఇచ్చిపుచ్చుకున్నారు, పటాస్కర్ గారిలాగే.

రావులపాలెం_రోడ్డు

అందరికీ థ్యాంక్సండి. మావయ్యకి మొత్తం చదివి వినిపించాను. వొరొషీలోవ్ సంతకం దగ్గర కొంచెం తగ్గాడు, 1997 దగ్గర "చూద్దాం" అన్నాడు, కరాబాఖ్ దగ్గర ఏమీ అనలేదు. కూనవరం అన్నగారి చెల్లి సంగతి విని అత్తయ్య, ఆ అమ్మాయి లోకల్ కేసు చివరికేమైందో కనుక్కోమంది, చెప్పండన్నా.

లంక రైతు గారూ, మావయ్య మిమ్మల్నే ఒకటి అడగమన్నాడు. ఆయనకీ గౌతమి అవతల ఎకరంన్నర మేటలో ఉంది, ఆ ఎఫ్‌ఎంబీ నకలు ఇప్పుడు మీసేవలో ఇస్తున్నారా, మండలాఫీసుకే వెళ్లాలా?